సియాటిల్‌లో హారర్ సినిమా డ్రెస్సుల ఎగ్జిబిషన్: భయపడే బాబుని తీసుకెళ్ళొచ్చా?

రెడ్‌మండ్ అమ్మ

అందరికీ నమస్తే. మా బాబుకి తొమ్మిదేళ్ళు. స్పేస్ నీడిల్ పక్కనున్న మోపాప్ (మ్యూజియం ఆఫ్ పాప్ కల్చర్) మ్యూజియంలో హారర్ సినిమాల ఎగ్జిబిషన్ ఉంది కదా, దాని గురించి అడుగుదామని వచ్చాను. వాడి క్లాసులో ఇద్దరు పిల్లలు చూసొచ్చి అక్కడున్న ఏలియన్ అనే సినిమాలోని అంతరిక్ష రాక్షసి సూట్ గురించి, గొడ్డలి గురించి చెప్పారట. అప్పట్నుంచి ఇంట్లో రోజూ అదే మాట.

అసలు సంగతి ఏంటంటే, పోయిన వేసవిలో వీడు ఫ్రెండ్ ఇంట్లో రాత్రి పడుకోవడానికి వెళ్ళినప్పుడు, ఆ అబ్బాయి వాళ్ళన్నయ్య ఫోన్‌లో ఆ ఏలియన్ సినిమా ముక్క ఒకటి చూపించాడు. రెండు నిమిషాలు కూడా ఉండదు. ఆ తర్వాత మూడు నెలలు మావాడు బాత్రూమ్‌కి ఒక్కడే వెళ్ళలేదు. పళ్ళు తోముకున్నంత సేపూ నేను తలుపు దగ్గర నిలబడాలి. "అమ్మా ఉన్నావా" అని బ్రష్ నోట్లో పెట్టుకునే అడిగేవాడు. ఇప్పుడిప్పుడే తగ్గింది. అలాంటిది వాడే వెళ్దామంటున్నాడు. "అది నిజంగా ఎంత పొడుగుందో చూడాలి" అంటాడు.

మా వారు వద్దంటున్నారు, మానుతున్న పుండుని ఎందుకు గెలకడం అని. మా అత్తగారు నరసరావుపేట నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ "అడుగుతున్నాడంటే వాడి మనసులో అది ఇంకా ఉందనే కదా, చూపించేస్తే పోతుంది" అంటారు. ఇద్దరి మాటా నాకు సబబుగానే అనిపిస్తోంది. నేనైతే అలాంటి సినిమా ఒక్కటి కూడా చూడలేదు, అందుకే లోపల ఏముంటుందో ఊహించుకోలేకపోతున్నాను. చీకటిగా ఉంటుందా? ఎవరైనా మీదికి దూకుతారా? వాడు ఏడిస్తే మధ్యలో బయటికి రానిస్తారా? పిల్లలతో వెళ్ళినవాళ్ళు దయచేసి చెప్పండి.

ఫస్ట్ షో బెల్వ్యూ

నేను నాలుగుసార్లు వెళ్ళానండి. ఇది 2017 అక్టోబర్‌లో మొదలైంది, మొదటి వారంలోనే చూశాను. 2011లో కూడా అక్కడే వేరే పేరుతో హారర్ ఎగ్జిబిషన్ ఒకటి పెట్టారు, అది కూడా చూశాను.

ఎవరూ మీదికి దూకరు. మధ్యలో ఎప్పుడైనా బయటికి వచ్చేయొచ్చు. వస్తువులన్నీ అద్దాల వెనకే. వెలుతురు మాత్రం తక్కువ, ఎర్రటి లైట్లు. మీరు చూసుకోవాల్సింది డ్రెస్సుల్ని కాదు, తెరల్ని. సినిమా ముక్కలు ఆడుతూ ఉంటాయి, శబ్దం కూడా ఉంటుంది. కేక పెట్టి ఫోటో దిగే బూత్ ఒకటుంది, పిల్లలు అక్కడే ఎక్కువసేపు ఉంటారు.

గొడ్డలి 1980లో వచ్చిన ద షైనింగ్ సినిమాది. తలుపు బద్దలుకొట్టే సీను కోసం ముందు ఒక తేలికపాటి తలుపు పెట్టారు. ఆ సినిమా హీరో జాక్ నికల్సన్‌కి అంతకు ముందే ఫైర్ సర్వీస్ పని అనుభవం ఉంది. దాంతో చాలా తేలిగ్గా దాన్ని ముక్కలు చేసేశాడు. ఇక గట్టి తలుపు తెచ్చి బిగించాల్సి వచ్చింది. బాబుకి ఈ సంగతి చెప్పండి, గొడ్డలి ముందు నిలబడ్డప్పుడు భయం కన్నా ముందు ఇదే గుర్తొస్తుంది.

ఇంకొకటి కూడా చెప్పండి. 1978 నాటి హాలోవీన్ సినిమాలో హంతకుడు తొడుక్కునే తెల్ల ముసుగు ఎంతోమందికి నిద్ర లేకుండా చేసింది. అది షాపులో రెండు డాలర్ల లోపు ధరకి కొన్న స్టార్ ట్రెక్ సీరియల్‌లోని కెప్టెన్ కర్క్ పాత్ర మాస్క్. కనుబొమలు పీకేసి, కళ్ళ రంధ్రాలు పెద్దవి చేసి, తెల్ల రంగు స్ప్రే కొట్టారు. డబ్బుల్లేక చేసిన పని అది. నాకు ఈ సినిమాల మీద ప్రేమ కలిగిందే ఇలాంటి కథల వల్ల.

డౌన్‌టౌన్‌లో వెస్ట్‌లేక్ దగ్గర మోనోరైల్ ఎక్కండి. అది సరిగ్గా ఆ మ్యూజియం భవనం లోంచే దూరి వెళ్తుంది. బాబుకి అక్కడే సగం టెన్షన్ పోతుంది.

ఇద్దరాడపిల్లల నాన్న

నేను కాస్త వేరేగా చెప్తాను, ఏమనుకోకండి.

నిరుడు హాలోవీన్ పండగ ముందు మా ఎనిమిదేళ్ళ పాపని ఒక హాంటెడ్ హౌస్‌కి తీసుకెళ్ళాను. ఎక్కడో చెప్పను. తనే అడిగింది, మీ బాబులాగే. రెండో గదిలో రంపం శబ్దం వినిపించగానే నా చొక్కా పట్టుకుంది. వెనక్కి వెళ్దామంటే దారి లేదు, అందరూ ముందుకే నడవాలి. మిగతా గదులన్నీ దాన్ని ఎత్తుకుని, దాని తల నా భుజంలో దాచిపెట్టుకుని దాటాను. ఆ పది నిమిషాలు నేనింకా మర్చిపోలేదు. పిల్లలు "చూస్తా" అంటే ఎంతవరకు చూస్తారో వాళ్ళకే తెలియదు.

మ్యూజియం వేరే సంగతి, ఒప్పుకుంటాను. అక్కడ వెనక్కి రావచ్చు. అందుకని ఒక్కటే చెప్తాను. పెద్దవాళ్ళు ఇద్దరు వెళ్ళండి. "నువ్వు చెయ్యి నొక్కితే చాలు, ఎందుకని అడక్కుండా బయటికి వచ్చేద్దాం" అని ముందే మాటివ్వండి, ఇచ్చాక నిలబెట్టుకోండి. లోపలికి వెళ్ళీ వెళ్ళగానే హారర్ వైపు పోకండి. 500కి పైగా గిటార్లూ వాయిద్యాలతో కట్టిన పెద్ద స్తంభం ఉంది, ముందు దాని కింద కాసేపు కూర్చోండి.

తెనాలి డ్రెస్ షాపు అమ్మాయి

రెడ్‌మండ్ అమ్మ గారూ, మీ ప్రశ్న చదివి నిన్న రాత్రి చాలాసేపు కూర్చుండిపోయాను. రాయాల్సింది చాలా ఉంది, ఓపిగ్గా చదవండి.

మా నాన్న తెనాలిలో పద్యనాటకాలకి డ్రెస్సులు అద్దెకిచ్చేవాడు. కృష్ణుడి కిరీటాలు, దుర్యోధనుడి భుజకీర్తులు, మఖమల్ అంగీలు, విగ్గులు, గదలు. ముందు గదిలో అవన్నీ తళతళలాడుతూ ఉండేవి. వెనక గది వేరు. అందులో హరిశ్చంద్ర నాటకం కాటి సీను సామాను ఉండేది. వీరబాహుడి నల్ల డ్రెస్సు, జడలు కట్టిన విగ్గు, దుడ్డుకర్ర, నాలుగు పుర్రెలు. డ్రెస్సు మేకుకి తగిలించి దాని పైన విగ్గు పెట్టేవారు కాబట్టి, తలుపు సందులోంచి చూస్తే మనిషి నిలబడి ఉన్నట్టే ఉండేది. నాకప్పుడు ఏడేళ్ళు. పెరట్లోకి వెళ్ళాలంటే ఆ గది దాటాలి. నేను కళ్ళు మూసుకుని పరిగెత్తేదాన్ని. ఒకసారి గడప తగిలి పడి మోకాలు చీరుకుపోయింది.

ఆ రోజు నాన్న నన్ను తిట్టలేదు, "భయమెందుకే" అని కూడా అనలేదు. మోకాలికి పసుపు అద్ది, ఆ డ్రెస్సు మేకు మీంచి తీసుకొచ్చి నా ఒళ్ళో వేసి, తిరగేశాడు. లోపలి గుడ్డ పిండి బస్తాది. దాని మీద మిల్లు ముద్ర ఇంకా కనపడుతోంది. చంక దగ్గర మూడు రంగుల దారంతో కుట్లు. "ఈ కుట్టు నేనేసింది, ఇది మీ తాత వేసింది, ఇది ఒక ఊళ్ళో స్టేజీ మీదే చిరిగితే వేషగాడు తనే వేసుకుంది" అని చూపించాడు. తర్వాత పుర్రె తెచ్చి బోర్లించాడు. మైదా జిగురుతో పేపర్ ముక్కలు పొరలు పొరలుగా అంటించి, పైన కాగితం గుజ్జులో మెంతిపిండి కలిపి మెత్తి, ఆరాక రంగు వేసింది అది. లోపల పేపర్ అక్షరాలు చదువుకోవచ్చు. నేను కూడబలుక్కుని చదివాను. ఆ తర్వాత కూడా ఆ గది దాటేటప్పుడు గుండె కొట్టుకునేది, అది నిజం. కానీ కళ్ళు తెరిచే నడిచాను.

మోపాప్‌లో ఏలియన్ సూట్ ముందు నిలబడ్డప్పుడు నాకు మా వెనక గదే గుర్తొచ్చింది. అక్కడ తిరగేసి చూపించరు. అందుకని మీ బాబుకి దాని లోపలి సంగతులు మీరు ముందే చెప్పి తీసుకెళ్ళండి. నాకు తెలిసినవి రాస్తాను.

1979 సినిమాలో ఆ సూట్ లోపల ఉన్న మనిషి పేరు బోలాజీ బడేజో. నైజీరియాలోని లాగోస్ నుంచి వచ్చి లండన్‌లో డిజైన్ చదువుకుంటున్న కుర్రాడు. నటుడు కాదు. ఆరడుగుల పది అంగుళాల ఎత్తు, సన్నటి పొడుగాటి కాళ్ళూ చేతులూ. లండన్‌లో ఒక పబ్బులో సినిమా వాళ్ళ కంట పడ్డాడు. నెమ్మదిగా కదలడం కోసం అతనికి తాయ్ చీ, మూకాభినయం నేర్పించారు. తోక ఉండటంతో కుర్చీలో కూర్చోవడం కుదిరేది కాదు, అందుకని అతని కోసం విడిగా ఒక ఊయల కట్టారు. బాబుకి ఈ ఊయల గురించి తప్పకుండా చెప్పండి! షాట్ అవ్వగానే ఆ జీవి వెళ్ళి ఊయల్లో కూర్చునేది. అతను చేసిన సినిమా అదొక్కటే. 1992లో, నలభై కూడా నిండకుండానే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బుతో పోయాడు. ఆ సినిమా చూసిన కోట్ల మందిలో అతని ముఖం తెలిసినవాళ్ళు ఎంతమంది? నాకది బాధగా ఉంటుంది. మా షాపులో డ్రెస్సులు కట్టుకెళ్ళిన వేషగాళ్ళకి కనీసం పద్యానికి వన్స్‌మోర్ దక్కేది.

ఆ రూపం గీసింది హెచ్.ఆర్. గీగర్ అనే స్విట్జర్లాండ్ చిత్రకారుడు. సూట్ నమూనా చేసేటప్పుడు మైనం లాంటి మెత్తటి మట్టిలో ఎముకలు, పాము వెన్నుపూసలు, రోల్స్ రాయిస్ కారులోని గొట్టాలు అద్దాడు. తల లోపల దవడలు కదిలించే యంత్రం ఇటలీకి చెందిన కార్లో రాంబాల్డి చేశాడు. ఎదురుగా నిలబడితే రాక్షసిలా కనిపిస్తుంది. పక్కనుంచి చూడమనండి, గొట్టాలూ కీళ్ళూ విడివిడిగా కనిపిస్తాయి. నేను ఏ డ్రెస్సునైనా పక్కనుంచే చూస్తాను, అది నాన్న దగ్గర అబ్బిన అలవాటు. ముందు వైపు ప్రేక్షకుల కోసం, పక్క వైపు కుట్టినవాడి కోసం అనేవాడు.

ఇంక చీకటి సంగతి. అక్కడ వెలుతురు తక్కువ పెట్టింది భయపెట్టడానికి మాత్రమే కాదు. ఏ మ్యూజియంలోనైనా పాత బట్టల మీద వెలుతురు 50 లక్స్‌కి (లక్స్ అంటే వెలుతురు కొలత) మించనివ్వకూడదంటారు, రంగు వెలిసిపోతుందని. రబ్బరు ఇంకా సున్నితం. గాలీ వెలుతురూ తగిలి లేటెక్స్ అనే ఆ రబ్బరు గట్టిపడి, పగిలి, చివరికి పొడి రాలుతుంది. ఎంత భయపెట్టిన రాక్షసుడైనా యాభై ఏళ్ళు నిలబడాలంటే ఎవరో ఒకరు పసిపిల్లలా చూసుకోవాలి. "మనల్ని భయపెట్టడానికి కాదురా, దానికి వెలుతురు పడదు" అని చెప్పండి. పిల్లలకి ఈ మాట బాగా ఎక్కుతుంది.

మీ అత్తగారిని కూడా తీసుకెళ్ళండి. ఆవిడ పాతాళభైరవిలో ఎస్వీ రంగారావుని చూసి భయపడ్డ తరం అయ్యుంటారు, మనవడికి ఆ కబుర్లు చెప్తారు. ఆవిడకి చెప్పడానికి ఇంకో సంగతి. 1931లో ఫ్రాంకెన్‌స్టైన్ సినిమాలో ఆ జీవిగా వేసిన బోరిస్ కార్లాఫ్ అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్, అతని పూర్వీకుల్లో మన దేశం వాళ్ళున్నారు. రోజూ గంటల తరబడి కూర్చోబెట్టి జాక్ పియర్స్ అనే మేకప్ ఆయన ఆ ముఖం తయారుచేసేవాడు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో శవంలా పాలిపోయి కనపడాలని ఆకుపచ్చ ఛాయ రంగు పూశాడు. మా నాటకాల వాళ్ళు ముఖానికి అర్దళం అనే పసుపు రంగు పూసేటప్పుడు కూడా ఇదే లెక్క. పక్కన నిలబడి చూస్తే పసుపుపచ్చగా వింతగా ఉండేది, లైట్ల కింద ముఖం వెలిగిపోయేది.

మ్యూజియంలోనే ఫాంటసీ విభాగంలో 1939 నాటి ద విజార్డ్ ఆఫ్ ఓజ్ సినిమాలోని పిరికి సింహం డ్రెస్సు ఉంటుంది. హారర్ చూశాక అక్కడికి వెళ్ళండి. అది నిజం సింహం తోలుతో చేసింది. ఆ బరువు మోస్తూ, ఆ లైట్ల వేడిలో, బెర్ట్ లార్ అనే నటుడు జనాన్ని నవ్వించాడు. తోలేమో నిజం సింహానిది, పాత్రేమో పిరికిది! మీవాడు ఆ డ్రెస్సు ముందు ఏమంటాడో నాకు తెలుసుకోవాలనుంది.

మీ వారి మాట కొట్టిపారేయను. వాడు ఇప్పటికీ ఏడుస్తూ ఉంటే నేనూ వద్దనేదాన్నే. కానీ వాడు అడిగింది ఏమిటో చూడండి, "అది నిజంగా ఎంత పొడుగుంది" అని. అది కొలత. దర్జీ అడిగే ప్రశ్న. తీసుకెళ్ళండి.

ఇద్దరాడపిల్లల నాన్న

ఊయల సంగతి మా పాపకి చదివి వినిపించాను. "తోకని ఎక్కడ పెట్టుకునేవాడు?" అని అడిగింది. ఈ నెల్లో మేమూ వెళ్తాం.

రెడ్‌మండ్ అమ్మ

అందరికీ చాలా థాంక్స్. మొన్న శనివారం వెళ్ళొచ్చాం. మా వారు కూడా వచ్చారు, తెనాలి అక్క రాసింది చదివాక ఇంకేమీ అనలేదు.

మోనోరైల్, గిటార్ల స్తంభం, అన్నీ మీరు చెప్పినట్టే చేశాం. హారర్ వైపు దిగేటప్పుడు వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. లోపలికి వెళ్ళిన రెండు నిమిషాలకే తెర మీద ఏదో అరుపు వినపడగానే నొక్కాడు. మాటిచ్చాను కాబట్టి ఏమీ అడగకుండా బయటికి వచ్చేశాం. బల్ల మీద కూర్చుని నీళ్ళు తాగాడు. "మళ్ళీ వెళ్దాం" అన్నాడు. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ వచ్చాం. మూడోసారి వాళ్ళ నాన్న చెవుల మీద చేతులు పెట్టి నడిపించారు. తెరల దగ్గర ఆగకుండా నేరుగా సూట్ దగ్గరికి తీసుకెళ్ళారు.

అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. ముందు వాళ్ళ నాన్న వెనక, తర్వాత పక్కన, తర్వాత అద్దానికి దగ్గరగా. అక్క చెప్పినట్టు పక్కకి వెళ్ళి చూశాడు. "ఇందులో ఏది కారు గొట్టం?" అని వెతకడం మొదలుపెట్టాడు. మా అత్తగారు "పాపం, ఆ పిల్లాడికి ఇందులో ఎంత ఉక్కపోసిందో" అన్నారు. అప్పటిదాకా నేను దాన్ని సరిగ్గా చూడనే లేదు. ఆవిడ అలా అన్నాక చూశాను.

సింహం దగ్గర మాత్రం వాడికి నచ్చలేదు. "నిజం సింహాన్ని ఎందుకు చంపారు" అని ముఖం ముడుచుకున్నాడు. ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

ఆ రాత్రి బాత్రూమ్‌కి వెళ్తూ తలుపు తీసి ఉంచమన్నాడు. నన్ను నిలబడమని అడగలేదు.

తెనాలి అక్కా, మీకు వాడి ప్రశ్న ఒకటుంది. ఇంటికొచ్చేటప్పుడు కారులో అడిగాడు. "ఆ అంకుల్‌కి అంత చెమట పడితే, ఆ డ్రెస్సు ఎవరు ఉతికేవారు?" అని. మాలో ఎవరికీ తెలియలేదు.

తెనాలి డ్రెస్ షాపు అమ్మాయి

ఈ ప్రశ్న మా నాన్న వినుంటే వాడిని భుజాన ఎక్కించుకునేవాడు.

జరీ, పూసలు, రబ్బరు ఉన్న డ్రెస్సులు నీళ్ళలో పెట్టరమ్మా. ఇక్కడ అమెరికాలో నాటకాల వాళ్ళు చెమట వాసన పోవడానికి వోడ్కాలో నీళ్ళు కలిపి లోపలి వైపు స్ప్రే చేస్తారు. అది ఆరిపోతుంది, వాసన తీసుకుపోతుంది. తెనాలిలో మాకా సౌకర్యం లేదు. తెల్లారి నాటకం అయ్యి డ్రెస్సులు రిక్షాలో రాగానే అమ్మ అన్నీ తిరగేసి, ఎండ తగలకుండా వసారాలో దండెం మీద ఆరేసేది. సాయంత్రానికి బ్రష్‌తో దులిపి, మడతల మధ్య ఎండు వేపాకు, కర్పూరం బిళ్ళలు వేసి పెట్టెల్లో సర్దేది. చెమట ఎక్కువ పట్టే చోట లోపల వేరే గుడ్డ టాకా వేసి ఉండేది. దాన్ని మాత్రం విప్పి ఉతికి, మళ్ళీ కుట్టేవాళ్ళు. కాబట్టి జవాబు, మా ఇంట్లో అయితే అమ్మ.

సింహం గురించి వాడన్నది సరైన మాటే. ఏమీ సర్దిచెప్పకండి.

షాపు మూసేసినప్పుడు నేను తెచ్చుకున్నది ఒక్కటే, ఆ నాలుగు పుర్రెల్లో ఒకటి. సియాటిల్ పక్కన రెంటన్‌లో మా ఇంట్లో పుస్తకాల అరలో ఉంది. దవడ దగ్గర రంగు లేచింది కానీ లోపల అక్షరాలు ఇంకా బాగానే కనపడతాయి. ఏదో సినిమా ప్రకటన, సగం చిరిగింది, ఇప్పటికీ ఏ సినిమాదో నేను పోల్చుకోలేకపోయాను. ఆదివారం మధ్యాహ్నం ఖాళీ అయితే అత్తగారినీ బాబునీ తీసుకురండి. మా ఇంట్లో అద్దాలు లేవు, వాడు చేత్తో పట్టుకుని తిరగేసి చూసుకోవచ్చు.